పురుగులు తినే మొక్కలకు పట్టింది బూజు కాదు.. బోరు నీటి ఉప్పు

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా ధర్మసాగర్ మండలం. పూల నర్సరీ ఉంది. డిసెంబరులో బెంగళూరు నుంచి పురుగులు తినే మొక్కలు 300 తెప్పించిన. వీనస్ ఫ్లైట్రాప్, సన్‌డ్యూ ఎక్కువ, కూజాల్లాంటి ఆకులుండే పిచర్ ప్లాంట్లు కొన్ని. అన్నీ నాలుగంగుళాల కుండీలే. రెండు నెలలు మంచిగున్నయ్. ఇప్పుడు ఆకుల అంచులు నల్లబడి ఎండిపోతున్నయ్. సన్‌డ్యూ ఆకుల మీద జిగురు రావట్లేదు. కుండీ అంచులకు, పైన నాచుకు తెల్లటి బూజు పట్టింది. మందుల షాపాయన కాపర్ ఆక్సీక్లోరైడ్ ఇచ్చిండు, బలానికి 19:19:19 ఎరువు లీటరుకు 5 గ్రాములు కలిపి పొయ్యమన్నడు. రెండుసార్లు చేసిన, ఇంకా ఎక్కువైంది. బోరు నీళ్లల్ల కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు పెడితే 820 చూపిస్తున్నది. గులాబీ, బంతి, మందారం అవే నీళ్లతో బాగనే ఉన్నయ్. ఏ మందు కొట్టాలె?
– నర్సరీ రైతు

జవాబు: ఏ మందూ కొట్టొద్దు. జబ్బేమిటో మీ ప్రశ్నలోనే ఉంది: 820. మీరు బూజు అనుకుంటున్నది బోరు నీటిలోని ఉప్పు, సున్నం. అనుమానముంటే కుండీ అంచున పేరుకున్న తెల్లటి పెచ్చును గోటితో గీకండి. బూజైతే దూదిలా మెత్తగా వేలికి అంటుకుంటుంది. ఇది పొడిపొడిగా, గరుకుగా రాలుతుంది. ఆ పొడి మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. బుసబుసమని నురగ వచ్చిందంటే సున్నమే.

గులాబీ, బంతి తట్టుకున్నాయి కాబట్టి ఇవీ తట్టుకుంటాయనుకోవడమే అసలు పొరపాటు. ఆ నీళ్లు వరికి, మక్కకు ఇచ్చినా పెద్దగా నష్టం కనిపించదు. కీటకాహార మొక్కలు మాత్రం పుట్టిందే పోషకాలు లేని పుల్లటి బురద నేలల్లో, వాన నీటి మీద. నేలలో తిండి దొరకకే పురుగుల మీద పడ్డాయి. వాటి వేర్లకు ఉప్పును ఓర్చుకునే శక్తి లేదు. వీటికి పోసే నీటి టీడీఎస్ 50 లోపు ఉండాలి. 50 నుంచి 100 మధ్య ఉంటే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, అదీ నెలకోసారి కుండీని కడిగేస్తేనే. 100 దాటిన నీళ్లు దీర్ఘకాలం పనికిరావు.

లెక్క చూడండి. 820 టీడీఎస్ అంటే లీటరు నీటిలో 820 మిల్లీగ్రాముల లవణాలు. కుండీకి రోజుకు 100 మి.లీ. పోస్తే 82 మిల్లీగ్రాములు. కింద ట్రేలో నీళ్లు నిలబెట్టి పెంచితే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఎటూ పోదు. రెండు నెలల్లో ఒక్కో కుండీలో దాదాపు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చేరింది. పైగా నీటిలోని బైకార్బొనేట్లు కుండీలోని పీట్ (బురద నేలల్లో కుళ్లిన నాచు) పులుపును చంపేస్తాయి. మొదటి రెండు నెలలు బాగుండి ఆ తర్వాత చెడిపోవడానికి కారణం ఇదే.

ఇక షాపాయన సలహా. లీటరుకు 5 గ్రాముల 19:19:19 అంటే 5000 మిల్లీగ్రాములు. 50 దాటకూడదన్న మొక్కకు వంద రెట్లు ఎక్కువ ఉప్పును మీ చేత్తోనే పోశారు. రాగి మందు (కాపర్ ఆక్సీక్లోరైడ్) సన్‌డ్యూకు అసలే పడదు. మొక్కను చూడకుండా, ఏ నీళ్లు పోస్తున్నారో అడగకుండా ఇచ్చే మందు షాపు బిల్లు పెంచుతుంది తప్ప మొక్కను బతికించదు. మిర్చికైనా పత్తికైనా మన దగ్గర జరుగుతున్నది ఇదే: ఆకు రంగు మారితే చాలు, డబ్బాతో షాపు ముందు నిలబడతారు. నీటి పరీక్ష, మట్టి పరీక్ష మాత్రం ఎవరికీ గుర్తురావు. మీరు మీటరైనా పెట్టి చూశారు, అది మంచి పనే. కానీ ఆ అంకెను పట్టించుకోకుండా మందు అడుగుతున్నారు.

ఇదే నీటిని ఎలాగోలా బాగుచేద్దామని చూడకండి. మరిగిస్తే కొంత సున్నం గిన్నె అడుగున పేరుకుంటుంది, మిగతా లవణాలు ఇంకా చిక్కబడతాయి. పటిక మట్టిని దించుతుంది, ఉప్పును కాదు. ఒకరోజు ఎండలో ఉంచితే క్లోరిన్ పోతుంది, టీడీఎస్ అంతే ఉంటుంది. నిమ్మరసమో యాసిడో కలిపితే పీహెచ్ దిగుతుంది, లవణాలు మాత్రం అలాగే ఉంటాయి. స్నానాల గదికి పెట్టే సాఫ్టనర్ మరీ ప్రమాదం, అది సున్నాన్ని తీసి ఆ స్థానంలో సోడియంను పెడుతుంది. మిషన్ భగీరథ నల్లా నీరు బోరు కన్నా మెరుగ్గా ఉండొచ్చు. అయినా మీటరు పెట్టకుండా వాడొద్దు.

వానలు పడేదాకా మీకు ఆర్‌ఓ తప్ప దారి లేదు. 300 కుండీలకు ఎండాకాలంలో రోజుకు 30 లీటర్లు కావాలి. గంటకు 12 లీటర్లు ఇచ్చే ఇంటి మిషన్ మూడు గంటలు నడిస్తే సరిపోతుంది. అయితే ఇంటి మిషన్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. అది కొంత బోరు నీటిని మళ్లీ శుద్ధి చేసిన నీటిలో కలుపుతుంది. దాన్ని పూర్తిగా బిగించండి. మినరల్ క్యాట్రిడ్జ్ ఉంటే మెకానిక్‌తో తీయించండి, లేదా దానికి ముందే పైపు విడదీసి నీళ్లు పట్టుకోండి. ఆ నీళ్లు మొక్కలకే, తాగడానికి వేరే ఏర్పాటు చూసుకోండి. మంచి మెంబ్రేన్ (మిషన్‌లోని వడపోత పొర) 90 నుంచి 95 శాతం లవణాలను ఆపుతుంది. మీ 820 అప్పుడు 40–80 మధ్యకు దిగాలి. 100 పైన చూపిస్తే మెంబ్రేన్ అయిపోయినట్టే, మార్చండి. 50 కిందికి రాకపోతే ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెజిన్ క్యాట్రిడ్జ్ ఒకటి పెట్టించండి, అంకె దాదాపు సున్నాకు వస్తుంది. మీటరు ఏడెనిమిది దాటిందంటే రెజిన్ నిండుతున్నట్టు.

లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వృథాగా బయటికి పోతాయి. అందులో టీడీఎస్ 1100–1200 దాకా ఉంటుంది. దాన్ని కొబ్బరి పాదుకో, నేల కడగడానికో వాడండి. గులాబీ కుండీల్లో మాత్రం పోయకండి.

మినరల్ వాటర్ ప్లాంటు 20 లీటర్ల క్యాన్ కొందామనుకుంటే ముందు మీటరు ముంచండి. ఒకే ప్లాంటులో ఈ వారం 40, పై వారం 120 రావచ్చు. ఏసీ నుంచి కారే నీరు లవణాల పరంగా మంచిదే, కాయిల్‌ను కెమికల్‌తో కడిగించిన వారం మాత్రం పట్టకండి.

ఇప్పుడున్న మొక్కలను ఇలా దక్కించుకోండి. ముందు కుండీపై అంగుళంలో మూడో వంతు మందాన, తెల్లగా పెచ్చుకట్టిన పొరను గీకి పారేయండి. గీకకుండా నీళ్లు పోస్తే ఆ ఉప్పంతా వేర్ల దగ్గరికి దిగుతుంది. ట్రే తీసేసి, కుండీకి లీటరున్నర ఆర్‌ఓ నీటిని మూడు విడతలుగా, విడతకు విడతకు పది నిమిషాల వ్యవధితో పైనుంచి పోయండి. రోజుకు 40 కుండీల చొప్పున చేస్తే ఎనిమిది రోజుల్లో అన్నీ అయిపోతాయి. చివర్లో కింద కారిన నీటిని గ్లాసులో పట్టి మీటరు పెట్టండి. 100 లోపు ఉంటే చాలు. వారం తర్వాత రెండోసారి కడిగినా 150 దాటుతుంటే ఆ కుండీలోని పీట్ మార్చాల్సిందే.

కొత్త మిశ్రమం ఫ్లైట్రాప్, సన్‌డ్యూలకు సగం స్ఫాగ్నమ్ పీట్, సగం పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి పలుకులు). సంచి మీద సున్నం, ఎరువు కలిపినట్టు రాసి ఉంటే ఆ పీట్ తీసుకోకండి. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) సోడియం, పొటాషియం ఉంటాయి, చౌక అని అది నింపితే మళ్లీ మొదటికే వస్తారు. వర్మీకంపోస్టు, పశువుల ఎరువు చిటికెడు కూడా వద్దు. మట్టి కుండీల గోడల్లో ఉప్పు దాక్కుంటుంది, ప్లాస్టిక్‌వే వాడండి. నల్లబడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, కత్తిరించేయండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వచ్చే కొత్త ఆకును చూసి తేల్చుకోండి. సన్‌డ్యూ మీద జిగురు చుక్కలు మళ్లీ కనిపిస్తే నీళ్లు కుదిరినట్టే.

కూజాలు వేలాడే రకం పిచర్ ప్లాంట్లను ట్రే నీళ్లల్లో పెట్టకండి. పైనుంచి పోసి పూర్తిగా కారనివ్వాలి. వీటికి కూజాలు రాకపోతే నీటితో పాటు పొడిగాలి కూడా కారణం కావచ్చు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలిలో తేమ బాగా తగ్గిపోతుంది. ఉదయం, సాయంత్రం అదే ఆర్‌ఓ నీటిని పొగమంచులా పిచికారీ చేయండి. బోరు నీళ్లతో చేస్తే ఆకుల మీద తెల్లటి మచ్చలు పడతాయి. ఫ్లైట్రాప్‌లకు ట్రేలో ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు చాలు. నల్ల ట్రేలు ఎండకు మరిగి వేర్లు ఉడికిపోతాయి. తెల్లవి వాడి, ఎండ ముదిరాక మధ్యాహ్నం 50 శాతం షేడ్‌నెట్ కింద ఉంచండి.

వానాకాలానికి ఇప్పుడే ఏర్పాట్లు చేసుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. 20 చదరపు మీటర్ల పాలిథీన్ షీటు మీద 50 మి.మీ. వాన పడితే 1000 లీటర్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలకు మీకు కావాల్సింది 3600 లీటర్లు. రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు చాలు. సిమెంటు తొట్టిలో నింపితే సున్నం దిగుతుంది, రాగి, తగరపు పాత్రలూ వద్దు. సిమెంటు రేకుల మీద పడిన నీరూ అంతే. మొదటి వాన నీటిని వదిలేయండి, ఎండాకాలపు దుమ్మంతా అందులోనే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి వానకూ మొదటి 40 లీటర్లు పక్కకు మళ్లించండి. ట్యాంకు నల్లదై మూత బిగుతుగా ఉంటే నాచు పట్టదు, దోమలు గుడ్లు పెట్టవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండీలను వానలోనే వదిలేయండి, మిగిలిన ఉప్పును వానే కడిగేస్తుంది.

బోరు నీటిని ఒకసారి ల్యాబులో కూడా చూపించండి, మిగతా నర్సరీ కోసమైనా. పది పదిహేను నిమిషాలు మోటారు నడిపాక, అదే నీటితో మూడుసార్లు కడిగిన లీటరు ప్లాస్టిక్ సీసాలో అంచుదాకా నింపి, బోరు లోతు, తేదీ రాసి అదే రోజు ఇవ్వండి. ఈసీ (విద్యుత్ వాహకత), పీహెచ్, బైకార్బొనేట్లు, క్లోరైడ్, సోడియం, కాల్షియం, మెగ్నీషియం చూడమని అడగండి.