ఒకప్పటి జూనియర్ కింద పని చేయాలా?

ప్రశ్న: నా వయసు 46. పంతొమ్మిదేళ్ళు ఒకే కంపెనీలో చేశాను. హెల్పర్‌గా చేరి షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని అయ్యాను. ఏడు నెలల క్రితం కంపెనీ మూసేశారు. సెటిల్‌మెంట్ డబ్బు కొంత వచ్చింది, కొంత రావాలి. ఎన్నో చోట్ల అప్లై చేశాను, ఎక్కడి నుంచీ పిలుపు లేదు. నా దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు వేరే చోట మేనేజర్. తన కింద ఒక పోస్టు ఖాళీగా ఉందని, రమ్మని ఫోన్ చేశాడు. జీతం నా పాత జీతంలో మూడోవంతు తక్కువ. మూడు వారాలుగా అతని ఫోన్ ఎత్తడం లేదు. నా భార్య "వెళ్ళొచ్చుగా" అంటుంది, గొడవ మొదలవుతుంది. నాకింత కష్టం వచ్చినా తనకేమీ పట్టనట్టు తన పని తాను చేసుకుపోతుంది. పదహారేళ్ళ మా అమ్మాయి నాతో మాట్లాడటమే తగ్గించేసింది. పొద్దున ఐదున్నరకే మెలకువ వస్తుంది, ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. మా బావమరిది ఉన్న డబ్బంతా తన వ్యాపారంలో పెట్టమంటున్నాడు. నాలో ఏదో లోపం ఉండబట్టే ఇలా అయిందనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీలో లోపం ఉండబట్టే అన్నారు కదా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. కంపెనీ మూసిన రోజు మీతో పాటు మేనేజర్లు, అకౌంట్స్ వాళ్ళు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు అందరూ బయటికి వచ్చేశారు. పని వచ్చినవాళ్ళెవరు, రానివాళ్ళెవరు అని ఎవరూ చూడలేదు. అప్పులు, ఆర్డర్లు, యాజమాన్యం తీసుకున్న నిర్ణయాలు, వీటిలో ఏదీ ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ చేతిలో ఉండేది కాదు. హెల్పర్‌గా చేరి ఆ స్థాయికి ఎదిగిన మనిషికి పని రాదని ఎవరూ అనరు. ఈ సంగతి మీకు తెలుసు, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. నెలల తరబడి జవాబు రాని అప్లికేషన్లు పెడుతుంటే ఎవరి మనసైనా అలాగే తయారవుతుంది.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. మీరు పోగొట్టుకున్నవి రెండు. ఒకటి జీతం. రెండోది ఆ ఉద్యోగం వల్ల మీకున్న చోటు: టైముకి లేవాల్సిన అవసరం, మీ మాట కోసం ఎదురుచూసే షిఫ్టు మనుషులు, మెషిన్ ఆగితే ముందు మీకే వచ్చే ఫోన్. మీ ఆవిడ మాట్లాడుతున్నది మొదటిదాని గురించి. మీరు కుమిలిపోతున్నది రెండోదాని గురించి. అందుకే ఆమె "వెళ్ళొచ్చుగా" అంటే మీకు "ఇక నీ బతుకింతే" అన్నట్టు వినిపిస్తోంది. ఆమె ఆ మాట అనలేదండీ. ఇంటి ఖర్చు ఎలా వెళ్ళదీయాలో ఆలోచించి, కనబడిన దారి చూపించింది.

ఇది మీ ఒక్కరికే వచ్చిన పరిస్థితి కాదు. ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో మారియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929, 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో అక్కడికి వెళ్ళి, ఆ కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో దగ్గరగా చూసి 1933లో ప్రచురించారు. చేతిలో బోలెడంత టైం ఉంది కాబట్టి జనం లైబ్రరీకి ఎక్కువగా వెళ్తారని మనం అనుకుంటాం. అక్కడ పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ళు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ మధ్యలో పదే పదే ఆగిపోయేవాళ్ళు. పొద్దుటి నుంచి ఏం చేశారో రాయమంటే, లేచాను, భోజనం చేశాను అన్నవి తప్ప పెద్దగా ఏమీ గుర్తుకొచ్చేది కాదు. ఆడవాళ్ళు మాత్రం ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయేవాళ్ళు. మిల్లు మూతపడినా వాళ్ళ వంటపని, ఇంటిపని మూతపడలేదు కదా! ఉన్న కాస్త డబ్బుతోనే వాళ్ళు అన్నీ నడపాల్సి వచ్చేది.

ఇప్పుడు మీ ఆవిడ గురించి మీరు రాసిన మాట ఇంకోసారి చదవండి. "తనకేమీ పట్టనట్టు తన పని తాను చేసుకుపోతుంది" అన్నారు. పట్టకపోవడం కాదు, ఆగడానికి ఆమెకు వీల్లేదు. ఆమె కూడా ఆగిపోతే ఆ పూట ఇల్లు నడవదు. ఈ రాత్రి ఆమెతో కూర్చుని ఒక కాగితం మీద చేతిలో ఎంత ఉంది, నెలకు ఎంత అవుతోంది, అది ఎన్ని నెలలు వస్తుంది అని రాసుకోండి. ఏ ఖర్చు ఆపొచ్చో ఆమెనే అడగండి, మీకంటే ఆమెకే బాగా తెలుస్తుంది. లెక్క అయిపోయాక మాత్రం మీ రెండో బాధ చెప్పుకోండి. "అతని కింద పని చేయాలంటే నాకు చిన్నతనంగా ఉంది" అని అంతే సూటిగా చెప్పండి. ఇన్నాళ్ళూ అది చెప్పకుండా కోపం చూపించారు. ఆమె వెంటనే సలహా ఇవ్వబోతే "కాసేపు విను చాలు" అనండి.

మీ అమ్మాయి మీ మీద గౌరవం తగ్గి మాట్లాడటం లేదనుకుంటున్నారేమో. నాకలా అనిపించడం లేదు. ఇంట్లో రోజూ గొడవ జరుగుతుంటే, నోరు తెరిస్తే ఎక్కడ ఇంకో గొడవ లేస్తుందోనని ఆ వయసు పిల్లలు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. తన చదువుకి ఇబ్బంది వస్తుందా, రాదా అన్నదే ఆ పిల్ల టెన్షన్ అయి ఉండొచ్చు. భార్యాభర్తలిద్దరూ లెక్క చూసుకున్నాక ఆ విషయం తనకు ఉన్నదున్నట్టు చెప్పండి. లేని ధైర్యం నటించక్కర్లేదు.

ఇక పొద్దున ఐదున్నర. మీ ఒంటికి ఇంకా షిఫ్టు అలవాటు పోలేదు, నాకది మంచి లక్షణంగానే కనిపిస్తోంది. లేవగానే ఫోన్ పట్టుకుని జాబ్ సైట్లు చూడకండి. పొద్దున్నే "మీ ప్రొఫైల్ ఎంపిక కాలేదు" అని చదివితే ఆ రోజు అక్కడితో అయిపోతుంది. కాసేపు నడిచి రండి, స్నానం చేసి, బయటికి వెళ్ళే బట్టలే వేసుకోండి. ఉద్యోగం వెతకడానికి పొద్దునే రెండు గంటలు కేటాయించి, ఆ పని ఆ రెండు గంటల్లో ముగించేయండి. మధ్యాహ్నం చేతులతో చేసే పని ఏదో ఒకటి పెట్టుకోండి. ఇంట్లో రిపేర్లున్నాయా, చుట్టుపక్కల ఎవరిదైనా మోటార్ పాడైందా చూడండి. పనిచేసే చెయ్యి మీది. అది ఖాళీగా ఉన్నకొద్దీ మీకు మీరే చేతకానివాడిలా కనిపిస్తారు.

ఇంకొకటి కూడా అడుగుతున్నాను. వరసగా నాలుగైదు రోజులు, రోజుకో ఇరవై నిమిషాలు, కంపెనీ మూసేసినప్పుడు మీకేమనిపించిందో రాయండి. యాజమాన్యం మీద కోపం, చివరి రోజు అవమానం, ఏదున్నా రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు, అక్షరదోషాలు చూసుకోక్కర్లేదు. ఉద్యోగం పోయిన ఇంజనీర్ల మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 1994లో వెలువడింది. ఇలా రాసినవాళ్ళకు, రాయనివాళ్ళ కంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. వాళ్ళేమీ ఎక్కువ అప్లికేషన్లు పెట్టలేదు. లోపలి కోపం కాగితం మీద దిగిపోయింది కాబట్టి ఇంటర్వ్యూలో బయటపడలేదని పరిశోధకుల ఊహ. నాకూ అది నిజమే అనిపిస్తుంది. "పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారు?" అని అడిగితే "కంపెనీ మూసేశారండీ" అన్న ఒక్క మాట చాలు. అంతకంటే గౌరవమైన కారణం ఉండదు. అక్కడ పాత యాజమాన్యాన్ని తిట్టడం మొదలుపెడితే ఎదుటివాళ్ళకి మీ పని కనబడదు, మీ కోపమే కనబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ కుర్రాడి ఫోన్. నా అభిప్రాయం అడిగారు కాబట్టి సూటిగా చెబుతున్నాను. అతనికి ఫోన్ చేయండి. ఒప్పుకోమని ఇప్పుడే అనడం లేదు, ముందు మాట్లాడమంటున్నాను. మూడు వారాలు ఎత్తలేదు కాబట్టి ఆ పోస్టు వేరేవాళ్ళకు వెళ్ళి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వెళ్ళిపోయినా సరే, ఆ ఫోన్ వృథా కాదు. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త, తెలిసినవాళ్ళ ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్నవాళ్ళను అడిగి చూస్తే, తరచూ కలిసే మనిషి ద్వారా పని దొరికింది ఆరుగురిలో ఒకరికే. మిగతావాళ్ళకు అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్ళే చెప్పారు. రోజూ కలిసేవాళ్ళకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసినవే అయి ఉంటాయి. దూరమైనవాళ్ళ దగ్గరే మనం వినని కబురు ఉంటుంది. మీరు పని నేర్పి పంపిన కుర్రాళ్ళు ఇంకా ఎంతమంది ఎక్కడెక్కడ ఉన్నారో ఒకసారి గుర్తుచేసుకోండి.

అతని కింద పని చేయడం చిన్నతనమా? మీ బాధను నేను కొట్టిపారేయను. నిన్నటిదాకా "సార్, ఇది ఎలా చేయాలి" అని అడిగినవాడికి రేపు మీరు రిపోర్ట్ ఇవ్వాలంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అయితే ఇంకో వైపు నుంచి కూడా చూడండి. మనుషులు కావాలంటే అతనికి ఎవరో ఒకరు దొరుకుతారు. తన పాత గురువుకి ఫోన్ చేసి, తన కింద పని చేయమని అడగడం అతనికీ ఇబ్బందే. అయినా అడిగాడంటే మీ పని మీద అతనికెంత నమ్మకం ఉండాలి! ఇప్పుడు మీరు ఫోన్ ఎత్తకపోతే, నేను అలా అడిగి తప్పు చేశానేమో అని అతను మథనపడుతూ ఉంటాడు.

మాట్లాడేటప్పుడు మొహమాటం వద్దు. "నీ కింద చేయడానికి నాకేం అభ్యంతరం లేదు కానీ నలుగురిలో ఎలా ఉంటుందో అని ఆలోచిస్తున్నాను" అని మీరే ముందు అనేయండి, ఇద్దరికీ భారం దిగిపోతుంది. రోజువారీ పని ఏమిటి, అతను కాకుండా ఇంకెవరికి జవాబు చెప్పాలి, ఆరు నెలల తర్వాత జీతం, హోదా మళ్ళీ చూస్తారా, ఆ కంపెనీ జీతాలు టైముకి ఇస్తోందా, ఆర్డర్లు ఎలా ఉన్నాయి అని అడగండి. ఒకసారి మూతపడిన కంపెనీ నుంచి వచ్చిన మనిషికి ఈ చివరి ప్రశ్నలు అడిగే హక్కు పూర్తిగా ఉంది. పని మీకు తెలిసిందే, జీతం మీ కాగితం లెక్కకు సరిపోతుందంటే, నన్నడిగితే చేరిపోండి. ఉద్యోగంలో ఉన్న మనిషిగా ఇంకోటి వెతుక్కోవడం తేలిక. మీకంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్ళ ముందు అతన్ని పేరు పెట్టి "ఒరేయ్" అనకండి, అతను తప్పు చేస్తే విడిగా చెప్పండి. మిగతాది మీ ఇద్దరి మధ్య అదే సర్దుకుంటుంది. జీతం లెక్క తప్పితే, లేదా అతని మాటల్లో జాలి, అధికారం కనిపిస్తే, మర్యాదగా వద్దనండి. అప్పుడు అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం అవుతుంది, ఫోన్ ఎత్తకపోవడం మాత్రం కాదు.

మీ బావమరిది వ్యాపారం సంగతి: ఇప్పుడు వద్దు. అతను మంచివాడా, కాదా అన్నది పక్కన పెట్టండి. మనసు ఇంత కలతగా ఉన్నప్పుడు, చేతిలో ఉన్నదంతా ఒకేచోట పెట్టే నిర్ణయం తీసుకోకూడదు. "ముందు ఉద్యోగం కుదరనీ, తర్వాత లెక్కలు చూపించు" అని చెప్పండి. సర్వీస్ సర్టిఫికెట్, చివరి పే స్లిప్పులు ఇంకా తీసుకోకపోతే పాత ఆఫీసులో సంతకం పెట్టే మనిషి ఉండగానే తీసుకోండి. రావలసిన బకాయిలకు క్లెయిమ్ వేయడానికి గడువు ఉంటుంది, అదెప్పుడో మీ తోటి ఉద్యోగులతో కలిసి వెళ్ళి కనుక్కోండి.

నిద్ర సరిగా పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే డాక్టర్‌ని కలవండి. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి, ఆ రోజే మీ ఆవిడకి చెప్పి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఇది పిరికితనం కాదు.

ఈ రాత్రి కాగితం మీద లెక్క, రేపు పొద్దున పది గంటలకు ఆ కుర్రాడికి ఫోన్. అతను ఏమన్నాడో, జీతం ఎంత తేలిందో నాకు రాయండి. ఒప్పుకోవాలా వద్దా అని ఇంకా సందేహం ఉంటే ఆ వివరాలు ముందు పెట్టుకుని మళ్ళీ మాట్లాడుకుందాం.