పాత స్పోర్ట్స్ కారు కోసం అమ్మాయి చదువు డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. తిరుపతిలో ఉంటూ చిత్తూరులో అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం నెలకు 1,28,000 రూపాయలు. ఇంటి రుణ వాయిదా, ఇంటి ఖర్చు, బీమా, సిప్ పోగా 25,000 మిగులుతుంది. చెన్నైలో ఒకరి దగ్గర 2004 ఆగస్టులో రిజిస్టరైన దిగుమతి కారు, బీఎండబ్ల్యూ 330సీఐ కూపే అమ్మకానికి ఉంది. ధర 10.50 లక్షలు. మూడేళ్లలో ఇంజినీరింగ్‌లో చేరబోయే అమ్మాయి కోసం వేసిన 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి, మిగతా 2.50 లక్షలకు బంగారం కుదువపెడదామనుకుంటున్నాను. నాతో వచ్చిన మెకానిక్ బండిని ర్యాంపు మీద చూసి, వెనుక సబ్‌ఫ్రేమ్ బిగించే రేకు రెండు చోట్ల పగిలిందని, దానిని బాగుచేసి బలపరచడానికి 1.80 లక్షలు, కూలింగ్ పనికీ టైర్లకూ మరో 95,000 అవుతుందని చెప్పాడు. గట్టి పాలీయూరిథేన్ బుష్‌లు (లోహ భాగాలు కలిసే చోట వేసే మెత్తలు), ఎత్తు తగ్గించే స్ప్రింగులు ఇప్పటికే వేయించాను కాబట్టి భయం లేదని యజమాని అంటున్నారు. బండి ఇప్పుడు కొని, ఆ వెల్డింగ్ పని ఏడాది తరువాత చేయించుకోవచ్చా?

సమాధానం: ఏడాది ఆగి చేయించుకోదగిన పని కాదది. మీ మెకానిక్ చూపించిన పగుళ్లు ఈ46 అని పిలిచే ఆ తరం 3 సిరీస్ కార్లకు బాగా తెలిసిన జబ్బు. ఆ కార్లలో ఇంజిన్ శక్తిని వెనుక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌నూ వెనుక సస్పెన్షన్‌నూ మోసే సబ్‌ఫ్రేమ్‌ను నాలుగు చోట్ల బాడీ అడుగు రేకుకు బోల్టులతో బిగిస్తారు. ఆ రేకు పలుచనిది, పొరలు పొరలుగా స్పాట్ వెల్డింగ్‌తో అతికించినది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక వైపు, వదిలినప్పుడు మరో వైపు లాగుడు పడుతూ ఇరవై ఏళ్లు గడిచేసరికి లోహం అలసిపోయి, వెల్డింగ్ చుక్కల దగ్గర చీలడం మొదలవుతుంది. పైన సీలెంటు, అండర్‌కోటింగ్ ఉండడం వల్ల ఆ చీలిక చాలాకాలం కంటికి కనబడదు. క్లచ్ వదిలేటప్పుడు వెనుక నుంచి వినిపించే చిన్న చప్పుడే తొలి సూచన కావచ్చు.

యజమాని ధైర్యంగా చెబుతున్న గట్టి బుష్‌లే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. కంపెనీ వేసిన రబ్బరు బుష్ కుదుపులో కొంత తానే మింగుతుంది. పాలీయూరిథేన్ బుష్ అంతగా మింగదు కనుక ఆ దెబ్బ నేరుగా రేకుకు చేరుతుంది. స్ప్రింగుల ఎత్తు తగ్గించడం వల్ల సస్పెన్షన్ కదలడానికి ఉండే చోటు కూడా తగ్గి, తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో ఊరూరా ఉండే స్పీడ్ బ్రేకర్ల మీద బండి అడుగు భాగం కొట్టుకునే అవకాశం పెరుగుతుంది. ముందు రేకును బలపరచి ఆ తరువాత బుష్‌లను గట్టిపరచవలసినది, ఈ బండిలో వరుస తలకిందులైంది. ఇదే స్థితిలో మరో ఏడాది నడిపితే నేడు వెల్డింగ్‌తో పోయే చీలిక రేకు ముక్కనే కోసి కొత్తది అతికించేదాకా పెరగవచ్చు. వీల్ అలైన్‌మెంట్ నిలవక కొత్త టైర్లు లోపలి అంచున అరిగిపోవచ్చు. అంటే మీరు వాయిదా వేయాలనుకుంటున్న 1.80 లక్షలు ఏడాది తరువాత 1.80 లక్షలుగానే ఉంటాయని లెక్క వేసుకోకూడదు.

ఈ పనిలో పెద్ద ఖర్చు విప్పడానికే అవుతుంది. సైలెన్సర్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్, సబ్‌ఫ్రేమ్ అన్నీ దించిన తరువాతే వెల్డర్‌కు చేయి పెట్టే చోటు దొరుకుతుంది. అందువల్ల పగిలిన రెండు చోట్లకే కాక నాలుగు చోట్లకూ బలపు ప్లేట్లు వేయించడం, సబ్‌ఫ్రేమ్ బుష్‌లనూ వెనుక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లనూ అప్పుడే కంపెనీ తరహా రబ్బరువిగా మార్చడం లాభం. మళ్లీ విప్పుడు కూలి మిగులుతుంది. ముందు సస్పెన్షన్ పైకొన బిగిసే స్ట్రట్ టవర్ల పైభాగం గుంతల దెబ్బకు ఉబ్బి ఉందేమో బానెట్ ఎత్తి చూడమనండి; అక్కడ వేసే ప్లేట్లు వెనుక పనితో పోలిస్తే చిన్న ఖర్చు. ఆ 1.80 లక్షలలో ఏవేవి కలిసి ఉన్నాయో, తుప్పు పట్టకుండా లోపలి ఖాళీలలో మైనపు పూత కూడా ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. కూలింగ్ పనిని మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దు; ఆ ఇంజిన్లలో ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, వాటర్ పంపు వయసు మీరాక చెప్పకుండా పోతాయి, మన మే నెల ఎండలో ఇంజిన్ ఒక్కసారి బాగా వేడెక్కితే దాని పైభాగమైన సిలిండర్ హెడ్ దెబ్బతింటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ కారు ధర 10.50 లక్షలు కాదు, రెండు పనులూ కలిపి 13.25 లక్షలు. మీ డిపాజిట్, బంగారం రుణం కలిసి అడిగిన ధరకే సరిపోతాయి, మిగతా 2.75 లక్షలు నెలకు 25,000 చొప్పున కూడబెట్టడానికి 11 నెలలు పడుతుంది, అన్నాళ్లూ బండి పగిలిన రేకు మీదే తిరగాలి. బంగారం మీద 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 25,000, అంటే మీ ఒక నెల మిగులు మొత్తం అందులోకే పోతుంది. దీనికి మన రాష్ట్రంలో కట్టవలసిన జీవిత పన్ను, తమిళనాడు నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), రీరిజిస్ట్రేషన్ ఖర్చులు అదనం. 15 ఏళ్లు దాటిన కారు ఆర్‌సీని అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2025 ఆగస్టులో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి కారుకు ఆ రుసుమే 80,000 రూపాయలు. ఈ బండికి 2024లో పునరుద్ధరణ జరిగిందో లేదో ముందు చూసుకోండి. జరగకపోయి ఉంటే ఆ భారం మొదటి రోజే మీ మీద పడుతుంది, జరిగి ఉంటే 2029 ఆగస్టు నాటికి సిద్ధం చేసుకోవాలి.

బీమా ఆదుకుంటుందని అనుకోవద్దు. అయిదేళ్లు దాటిన బండి ఐడీవీని (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని) కంపెనీ, మీరు కలిసి ఒప్పుకున్న మొత్తంగా రాస్తారు; అది మీరు కట్టిన ధరకు చాలా తక్కువ కావచ్చు కనుక డబ్బు ఇవ్వకముందే ఆ అంకె అడిగి తెలుసుకోండి. అరుగుదల వల్ల వచ్చిన పగుళ్లకు పాలసీ వర్తించదు, ప్రమాదంలో పాడైన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోత పడుతుంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఆ స్ప్రింగులను తీసి కంపెనీ స్ప్రింగులు వేయించడం రేకుకూ, రేపటి క్లెయిముకూ మంచిది.

డిపాజిట్ తీయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ 8 లక్షలకు మూడేళ్ల తరువాత ఒక నిర్దిష్టమైన పని ఉంది, గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత కూడా పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ డబ్బు కారులోకి వెళితే కౌన్సెలింగ్ నాటికి కారు అమ్మి తెచ్చుకోవలసి వస్తుంది. ఇలాంటి బండికి కొనేవారు మనకు కావలసిన నెలలోనే దొరకరు. మీ కోరికను నేను తక్కువ చేయడం లేదు. నలభై దాటాక ఒక మనిషి తన కోసం ఒక వస్తువు కోరుకోవడంలో తప్పేమీ లేదు, బస్సులో చిత్తూరు వెళ్లి వస్తూ ఇల్లు కట్టుకున్న మీకు ఆ హక్కు ఉంది. కానీ ఈ బండి, ఈ ధరకు, ఈ నెలలో వద్దు.

నెల మిగులు 25,000ను వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయడం ఈ నెల నుంచే మొదలుపెట్టండి. రెండేళ్లలో అసలే 6 లక్షలవుతుంది. ఆ మొత్తంలో 4.50 లక్షలు బండికి, 1.50 లక్షలు మరమ్మతులకు అని విడదీసి, ఆ పరిధిలో వచ్చే మరో పాత కారును వెతకవచ్చు. ఇదే కారు కావాలంటే నాలుగేళ్లకు పైగా ఆగాలి. యజమానికి మాత్రం మర్యాదగా ఇప్పుడే తెలియజేయండి, బయానా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే మెకానిక్ రాసిన పగుళ్ల నివేదిక, ర్యాంపు మీద తీసిన ఫోటోలు జతచేసి ఈ వారంలోనే వెనక్కి అడగండి.