గోల్ ముందు నుంచి వెనక్కి రమ్మన్నప్పుడు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. ఇంతకాలం గోల్స్ వేస్తున్న నిన్ను మీ కోచ్ మధ్యలోకి మార్చారనీ, అక్కడ ఆడాలో, వేరే జట్టు చూసుకోవాలో తేల్చుకోలేక ఉన్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. చాలా ఏళ్లు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పినవాడిగా నా సలహా ఒక్కటే: ఆ స్థానంలో ఆడు. అయితే ఎలా ఆడాలో తెలుసుకోవడానికి అలెక్స్ జేమ్స్ అనే స్కాట్లండ్ ఆటగాడి గురించి ముందు చదువు. నీకు వచ్చిన సమస్యే అతనికి 1929లో వచ్చింది.

అతను 1901లో లానార్క్‌షైర్‌లోని మోసెండ్‌లో పుట్టాడు. పొట్టివాడు, బంతి మీద గొప్ప అదుపు ఉన్నవాడు. రెయిత్ రోవర్స్‌లో మూడేళ్లు ఆడి, 1925లో ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో ఉన్న ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు వెళ్లాడు. అక్కడ నాలుగు సీజన్లలో యాభైకి పైగా లీగ్ గోల్స్ చేశాడు. 1928 మార్చి 31న వెంబ్లీలో స్కాట్లండ్ 5–1తో ఇంగ్లండ్‌ను ఓడించిన మ్యాచ్‌లో రెండు గోల్స్ అతనివే, మిగిలిన మూడూ అలెక్స్ జాక్సన్‌వి. ఆ రోజు వాన పడింది. తడిసిన పచ్చికపై చిన్న చిన్న పాస్‌లతో ఆడే పొట్టి ఫార్వర్డ్‌లను ఆపడం ఇంగ్లండ్ డిఫెండర్లకు సాధ్యం కాలేదు.

మరుసటి ఏడాది లండన్ క్లబ్ ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ 8,750 పౌండ్లు చెల్లించి అతన్ని తన జట్టుకు తెచ్చుకున్నాడు. జేమ్స్ ప్రెస్టన్‌ను ఎందుకు వదిలాడో గమనించు. దేశం తరఫున ఆడడానికి ఆ క్లబ్ అతన్ని సరిగా పంపేది కాదు. పైగా ఆనాడు ఆటగాడి జీతం వారానికి 8 పౌండ్లు దాటకూడదన్న నియమం ఉండడంతో, లండన్‌కు వచ్చాక సెల్ఫ్రిజెస్ దుకాణంలో ఉద్యోగం కూడా చేసుకున్నాడు. జట్టు మారడానికి ఇలాంటివి న్యాయమైన కారణాలు. మైదానంలో నిలబడే చోటు మార్చారన్నది అలాంటి కారణం కాదని నా గట్టి అభిప్రాయం.

చాప్‌మన్ అతన్ని వెనక్కి లాగడానికి మూలం 1925లో మారిన ఆఫ్‌సైడ్ నియమం, అంటే గోల్ దగ్గర ముందే కాచుకుని బంతి అందుకోకుండా ఆపే నియమం. అంతకుముందు బంతి అందుకునే ఆటగాడికీ గోల్ లైనుకూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండాలి. ఆపైన ఇద్దరు ఉంటే చాలు. గోల్స్ వెల్లువెత్తాయి. వాటిని ఆపడానికి అంతవరకు నడి మైదానంలో ఆడే సెంటర్ హాఫ్ వెనక్కి దిగి డిఫెండర్ల మధ్య నిలవవలసి వచ్చింది, దానితో నడి మైదానం ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు (మధ్య ఫార్వర్డ్‌కు అటూ ఇటూ ఆడేవాళ్లు, జేమ్స్ అలాంటివాడే) దిగాలి, వెనకనుంచి వచ్చిన బంతిని క్షణాల్లో ముందుకు చేర్చాలి. ఈ పని జేమ్స్‌కు మొదట నచ్చలేదు, కుదరలేదు కూడా. ప్రేక్షకులు అసంతృప్తి చూపారు, కొంతకాలం జట్టులో చోటు కూడా పోయింది. 1930 జనవరి చివర్లో తిరిగి వచ్చాడు. ఏప్రిల్ 26న ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో హడర్స్‌ఫీల్డ్ మీద ఫ్రీ కిక్‌ను చకచకా ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున ఆడే క్లిఫ్ బాస్టిన్‌కు అందించి, తిరిగి వచ్చిన బంతితో తానే మొదటి గోల్ చేశాడు. ఆర్సెనల్ 2–0తో గెలిచింది. కుదురుకోవడానికి అతనికే అన్ని నెలలు పట్టాయి కాబట్టి నీ మొదటి కొన్ని మ్యాచ్‌లను బట్టి ఏ నిర్ణయానికీ రావద్దు.

ఇక గోల్స్ తగ్గిపోతాయన్న నీ భయం సంగతి. తగ్గుతాయి. ఆర్సెనల్‌కు అతను 261 మ్యాచ్‌లు ఆడి చేసినవి 27 గోల్స్ మాత్రమే. కాని 1930–31లో ఆ జట్టు లీగ్‌లో 127 గోల్స్ చేసింది. 1932–33లో బాస్టిన్ ఒక్కడే 33 చేశాడు. జేమ్స్ ఉన్న ఎనిమిది సీజన్లలో నాలుగు లీగ్ టైటిళ్లు, రెండు కప్‌లు వచ్చాయి. వడ్డించేవాడి విస్తరి వైపు ఎవరూ చూడరు, కానీ అతను లేకపోతే పంక్తి సాగదు.

సాధనలో నువ్వు చేయవలసింది ఇది. బంతి నీ కాలికి చేరకముందే తల తిప్పి రెండు పక్కలా చూడు, ఎందుకంటే బంతి వచ్చాక చూసేవాడికి నడి మైదానంలో సమయం దొరకదు. జేమ్స్ బలం అక్కడే ఉంది: ఒక్క ఒడుపుతో మీదికొచ్చినవాణ్ని తప్పించి, పరుగు అందుకున్న వింగర్ ముందుకు పొడవైన పాస్ వేసేవాడు. మీ వింగర్లతో ప్రాక్టీసు అయ్యాక విడిగా కూర్చుని, ఎవరికి కాలి దగ్గర బంతి కావాలో, ఎవరికి ముందున్న ఖాళీలో కావాలో అడిగి తెలుసుకో. ప్రత్యర్థి వెంటపడి బంతి లాక్కోవడానికే నీ ఓపికంతా ఖర్చు చేయకు. ఆ భారం ఎవరు మోయాలో, నీ బదులు గోల్ ముందు ఎవరు ఉంటారో మీ కోచ్‌గారిని మర్యాదగా, సూటిగా అడుగు. భేదాభిప్రాయం ఉంటే గదిలో చెప్పు, మ్యాచ్ మధ్యలో కాదు. సీజన్ పూర్తయ్యాక కూడా ఇష్టం కలగకపోతే అప్పుడు రాయి, వేరే జట్టు విషయం ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య