ఆర్గానిక్ సరుకులకు పర్సనల్ లోనా? వద్దే వద్దు

ప్రశ్న: నాకు చేతికొచ్చే జీతం 72 వేలు. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, నాలుగేళ్ల పాప. భూమికీ, ఆరోగ్యానికీ మంచిదని ఏడాదిగా ఆర్గానిక్ సరుకులు, గానుగ నూనె, దేశవాళీ ఆవు పాలు వాడుతున్నాం. వంటింటి ఖర్చు 12 వేల నుంచి 21 వేలకు చేరింది. క్రెడిట్ కార్డు బాకీ 96 వేలుంది, మినిమమ్ డ్యూ (ప్రతినెలా తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాను. నెలకు 15 వేల సరుకులు పంపే సంస్థ, ఏడాది డబ్బు ముందే కడితే 15 శాతం తగ్గిస్తానంటోంది. దానికి 1.53 లక్షలు, మిద్దె తోటకు 1.47 లక్షలు కలిపి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? 16 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు. బ్యాంకులో 25 వేలు, ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌లో) 60 వేలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 3 వేల సిప్ కడుతున్నాను. ఫార్మ్ ప్లాట్ (తోట వేసుకోవడానికి అమ్మే చిన్న భూమి ముక్క) కొనొచ్చా?

జవాబు: లోన్ తీసుకోకండి. ఉద్దేశం మంచిదైతే అప్పు కూడా మంచిదే అనుకునేవాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ఈ లోన్‌కు ఈఎంఐ దాదాపు 10,550 రూపాయలు. మూడేళ్లలో కట్టే వడ్డీ దాదాపు 80 వేలు. ఇందులో సరుకుల వాటాకే 40 వేలు పోతుంది. మీకు దక్కే తగ్గింపు 27 వేలే. సరుకులు ఏడాదిలో తినేస్తారు, ఈఎంఐ మాత్రం ఆ తర్వాత ఇంకో రెండేళ్లు కడుతూనే ఉంటారు. ఈలోగా ఆ సంస్థ మూతపడితే డబ్బు ఎవరిని అడుగుతారు? ఇక అద్దె ఇంటి మిద్దె మీద లక్షన్నర పెట్టడం ఏమిటండీ! ఇల్లు ఖాళీ చేయమంటే తోట ఎక్కడికి తీసుకెళ్తారు? నాలుగు కుండీల్లో తోటకూర, పుదీనా వేసుకోండి, చాలు.

నన్ను అసలు కలవరపెట్టింది మీ బ్యాంకులో ఉన్న 25 వేలు. నెలకు కనీసం 50 వేల ఖర్చుండే మీలాంటి ఇంటికి అది రెండు వారాల డబ్బు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా మూడో వారం మళ్లీ కార్డే గీకాలి. ఆరు నెలల ఖర్చు, అంటే 3 లక్షలు, మీకు అత్యవసర నిధిగా ఉండాలి. సరిగ్గా అంతే మొత్తాన్ని మీరు అప్పు చేయబోతున్నారు!

ముందు కార్డు సంగతి చూడండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ, దాని మీద జీఎస్‌టీ కలిపితే 96 వేలకు దాదాపు 4 వేలు. మినిమమ్ డ్యూ కడుతున్నంతకాలం కొత్తగా కొన్న పప్పూ ఉప్పుకూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆర్‌డీ తీసేసి 60 వేలు కట్టండి. కార్డు బీరువాలో పెట్టి, సిప్ ఆపి, మిగతాది నెలకు 12 వేల చొప్పున మూడు నాలుగు నెలల్లో తీర్చండి. ఆ తర్వాత అదే 12 వేలు స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోకి (అవసరమైనప్పుడు పొదుపు ఖాతా నుంచే వాడుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి) మళ్లించండి. రెండేళ్లలో అత్యవసర నిధి సిద్ధమవుతుంది. బోనస్ వస్తే ఇంకా ముందే.

ఆ 12 వేలు ఎక్కడి నుంచి? సిప్ ఆపితే 3 వేలు, వంటింటి నుంచి 9 వేలు. భూమికి మేలు చేసే తిండి ఖరీదుగానే ఉండాలని ఎవరు చెప్పారు? పాడయ్యాక పారేసే కూరగాయలు, మిగిలిపోయిన అన్నం తగ్గితే పొలానికి పెట్టిన నీళ్లూ కరెంటూ మిగులుతాయి, మీ జేబూ మిగులుతుంది. వారానికి సరిపడా ముందే రాసుకుని మెహిదీపట్నంలోనో ఎర్రగడ్డలోనో రైతుబజారుకు వెళ్లండి. 1999 నుంచి నడుస్తున్న ఈ బజార్లలో ఆయా కాలాల్లో పండే కూరలే చవక. నీళ్లు నిలిపి పెంచే వరి మడుల నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది. రాత్రి పూట జొన్న రొట్టె, పొద్దున రాగి జావ తీసుకుంటే వరి వాడకం కొంత తగ్గుతుంది. కంది, పెసర పంటలు నేలకు నత్రజని ఇస్తాయి, కాబట్టి పప్పు మాత్రం తగ్గించకండి. గానుగ నూనె వదలడం ఇష్టం లేకపోతే అదొక్కటీ ఉంచుకోండి. పాలు మామూలువే తెచ్చి పెరుగు ఇంట్లో తోడు పెట్టుకోండి.

ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చేదొక్కటే ఉంటే, కార్డు బాకీ తీరగానే కుటుంబానికి 10 లక్షల పాలసీ సొంతంగా తీసుకోండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కూడా. అత్యవసర నిధి పూర్తయ్యాక సిప్ మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఫార్మ్ ప్లాట్ ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. అప్పు చేసి అయితే ఎప్పుడూ వద్దు.