డౌన్‌టన్ యాబీలో చెడ్డవాళ్ల మీదే మన కళ్లెందుకు ఉంటాయి? అలాంటి పాత్రల్ని ఎలా అల్లుతారు?

డౌన్‌టన్ యాబీ అంటే 1912 నుంచి మొదలయ్యే ఒక ఇంగ్లీషు దొరల ఇంటి, దాని నౌకర్ల కథగా నడిచే టీవీ సిరీస్. ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఫుట్‌మన్ (వడ్డన చేసే నౌకరు) థామస్ బారో, దొరసాని సొంత పనిమనిషి మిస్ ఓబ్రయన్, ఇంటి పెద్దకూతురు లేడీ మేరీ చేసేవి చాలావరకు పాడుపనులే అయినా వాళ్ల సీన్ వస్తే చూపు తిప్పుకోలేం, ఎందుకని? పీరియడ్ సిరీస్ (పాతకాలపు కథ) రాద్దామనుకునేవాళ్లు ఆ కిటుకు ఎలా పట్టుకోవాలి? జవాబులో కథంతా బయటపడిపోతుంది. సిరీస్ ఇంకా చూడనివాళ్లు చూశాకే చదువుకోండి.

పాత్రలో కాస్త మంచి, కాస్త చెడు కలిపితే లోతు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కలిపితే వచ్చేది చప్పిడి మనిషి. పీరియడ్ కథలో లోతు వచ్చేది ఆ మనిషి చేసే పనికి ఆ కాలం కట్టే ఖరీదు వల్ల. ఇవాళ నాలుగు రోజులు నలుగురి నోళ్లలో నాని మర్చిపోయే సంగతి, 1912లో కొలువూ గూడూ పరువూ ఊడ్చుకుపోయేది. ఆ ఖరీదు ఎంతో మనకి ముందే తెలిసినప్పుడు, చెడ్డపని చేస్తున్నవాడి చేతి వణుకు కూడా కనపడుతుంది.

థామస్‌నే తీసుకోండి. అతను స్వలింగ ప్రియుడు. 1885 నాటి చట్ట సవరణ ప్రకారం ఇంగ్లండులో మగవాళ్ల మధ్య అలాంటి సంబంధానికి రెండేళ్ల వరకు జైలు, కఠిన శ్రమతో గానీ అది లేకుండా గానీ. 1895లో ఆస్కార్ వైల్డ్‌కి పడింది అదే. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ నేరం చట్టం నుంచి కొంతమేర తొలగింది 1967లో. అంటే థామస్ మొదటి ఎపిసోడ్‌లో, అతిథిగా వచ్చిన ఓ డ్యూక్ ఒకప్పుడు తనకి రాసిన ఉత్తరాలు చూపించి అతన్ని బెదిరించబోయినప్పుడు, ఆ కత్తికి రెండువైపులా పదునే. ఉత్తరాలు బయటపడితే డ్యూక్‌కి మచ్చ, థామస్‌కి జైలు. డ్యూక్ ఆ ఉత్తరాలు వెతికి పట్టుకుని మంటలో పడేస్తాడు. విలన్ ఓడిపోయాడని సంతోషించాల్సిన చోట మనకి గొంతు పట్టేస్తుంది. అతని గురించి ఎవరూ ఒక్క మంచిమాట చెప్పకుండానే జాలి పుట్టేసింది.

ఇంకో ఖరీదు నౌకర్లది. ఆ రోజుల్లో కొలువు మానేసేటప్పుడు యజమాని రాసిచ్చే నడవడిక చీటీని ఇంగ్లీషులో ‘క్యారెక్టర్’ అనే అనేవారు. (పాత్రల గురించి మాట్లాడుకుంటూ ఈ మాట దగ్గర ఆగకుండా ఉండలేం.) ఆ చీటీ ఇవ్వాలని యజమానికి చట్టబద్ధమైన బాధ్యత లేదు. అది లేకుండా గేటు దాటినవాడికి మరో పెద్దింట్లో పని దొరకడం గగనం. పైగా నౌకరు ఉండేదీ తినేదీ ఆ ఇంట్లోనే కాబట్టి కొలువు పోతే మంచం కూడా పోయినట్టే. దొరల ఇంటి నౌకర్ల కథల్లో కుట్రలన్నిటికీ కింద ఉన్న భయం ఇదే.

ఇక సబ్బు సీన్. రాయాలనుకునేవాళ్లు దీన్ని ఆపి ఆపి చూడాలి. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్, 1914 వేసవి. దొరసాని కోరా గర్భవతి. ఆవిడ, అత్తగారు కొత్త పనిమనిషి గురించి అనుకుంటున్న మాటలు ఓబ్రయన్ చెవిన సగమే పడతాయి. తననే తీసేస్తున్నారని తేల్చేసుకుంటుంది. నిజానికి వెతుకుతున్నది అత్తగారి కోసం. కోరా స్నానం చేస్తుండగా సబ్బు జారిపడి రెండు ముక్కలవుతుంది. ఓబ్రయన్ ఒక ముక్క తీసి చేతికిస్తుంది, రెండోది తొట్టికింద ఉందంటుంది. తర్వాత ఆ ముక్కని కాలితో మెల్లిగా ఇవతలికి, కోరా అడుగు పడే చోటికి నెడుతుంది. పక్కగదిలోకి వెళుతుంది. అద్దంలో తన ముఖం కనపడుతుంది. తన పూర్తి పేరుతో తననే పిలుచుకుని, ఇది నువ్వు కాదు అనుకుంటుంది. వెనక్కి తిరుగుతుంది. అప్పటికే చప్పుడు వినిపించింది. కోరా పడిపోయింది, బిడ్డ పోయింది.

ఇందులో ఏది ఎంత ఉందో లెక్క చూడండి. కాలి కదలిక ఒక్కటే, అదీ కొద్ది అంగుళాలే. పశ్చాత్తాపం కొన్ని క్షణాలు. మధ్యలో అద్దం. కుట్ర పన్నడం, విషం కొనడం లాంటివి ఏవీ లేవు. కోపంలో ఎవరైనా చేయగల చిన్న పని ఎవరూ తీర్చలేనంత పెద్ద నష్టం తెచ్చింది. అద్దం ముందరి నిమిషం తీసేయండి, ఓబ్రయన్ ఉత్త రాక్షసి అయిపోతుంది. ఆమె సకాలంలో చేరుకుని సబ్బు తీసేసిందనుకోండి, అసలు కథే లేదు. ఓబ్రయన్‌గా షివోన్ ఫినరన్ నటన సగం బరువు మోసింది గానీ, పునాది స్క్రిప్టులోనే పడింది.

రెండో సీజన్ చివరి భాగంలో, 1919లో, స్పానిష్ ఫ్లూతో కోరా చావుబతుకుల్లో ఉంటుంది. ఓబ్రయన్ పక్కనుంచి కదలదు. క్షమించమని అడగబోతుంది, వినే స్థితిలో కోరా లేదు. కథలో ఐదేళ్ల దూరం, ప్రసారంలో ఏడాది దూరం. ఈ ఎడం ముఖ్యం. కొత్తగా రాసేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే: విలన్ ఒక పాపం చేయగానే తర్వాతి సీన్‌లో వీధికుక్కకి రొట్టె పెట్టిస్తారు. ప్రేక్షకుడికి తక్కెడ కనపడిపోతుంది. పాపానికీ మంచితనానికీ మధ్య కనీసం రెండు మూడు ఎపిసోడ్లు పోనివ్వండి, ఈలోపు ఆ పాపం సంగతి మాటల్లో ఎత్తకండి. చూసేవాడు దాన్ని మనసులో మోస్తుండాలి.

మోసినదానికి వడ్డీ ఎలా వసూలు చేయాలో మూడో సీజన్ చివరిలో చూపించారు. 1920. ఓబ్రయన్ ఎగదోస్తే థామస్, కొత్త ఫుట్‌మన్ జిమ్మీ తనని ఇష్టపడుతున్నాడని నమ్మి, నిద్రలో ఉన్నవాణ్ణి ముద్దు పెట్టుకుంటాడు. బట్లర్ (నౌకర్ల పెద్ద) కార్సన్ మొదట చీటీ ఇచ్చి పంపించేద్దామనుకుంటాడు. ఓబ్రయన్ మళ్లీ జిమ్మీని రెచ్చగొట్టి చీటీ లేకుండా పంపాలని పట్టుబట్టిస్తుంది. అప్పుడు థామస్‌ని ఆదుకునేది ఎవరు? మొదటి రోజు నుంచీ అతను ఎవరి కొలువు ఊడగొట్టాలని చూశాడో ఆ బేట్స్, ఇంటి యజమాని లార్డ్ గ్రాంథమ్ సొంత నౌకరు. ఓబ్రయన్‌ని లొంగదీసే మాట ఒకటి చెప్పమని థామస్‌ని అడుగుతాడు. ఆ మాట ఆమె చెవిలో వేస్తాడు: ‘హర్ లేడీషిప్స్ సోప్’, అంటే దొరసాని సబ్బు. బేట్స్‌కి దాని అర్థం తెలియదు, ఓబ్రయన్ ముఖం పాలిపోతుంది. మొదటి సీజన్ సబ్బు మూడో సీజన్‌లో పనికొచ్చింది. చివరికి బేట్స్ ఆశించినట్టు థామస్ మంచి చీటీతో వెళ్లిపోతాడా? లేదు. ఊరివాళ్లతో క్రికెట్ మ్యాచ్ ఉంది, థామస్ బాగా ఆడతాడు, లార్డ్ గ్రాంథమ్ అతన్ని అండర్ బట్లర్ (బట్లర్ తర్వాతి స్థానం) చేసి ఉంచేస్తాడు. బేట్స్ కంటే ఒక మెట్టు పైన. మంచి చేసినవాడికీ ఖరీదు పడింది.

మీరు రాస్తుంటే ప్రతి ముఖ్యపాత్రకీ ఒక కాగితం పెట్టుకోండి. అందులో నాలుగు గళ్లు చాలు: ఏం దాస్తున్నాడు, అది ఎవరెవరికి తెలుసు, బయటపడితే ఏ చట్టమో ఏ ఆచారమో దెబ్బకొడుతుంది, ఆ దెబ్బకి సరిగ్గా ఏం పోతుంది. నాలుగో గడిలో ‘పరువు’ అని రాసి వదిలేయకండి. ఏ ఉద్యోగం, ఏ గది, ఏ పెళ్లి, ఎన్నేళ్ల జైలు అని రాయండి. రెండో గడిని ప్రతి ఎపిసోడ్ తర్వాత సరిచూసుకోండి. రహస్యం తెలిసినవాళ్లలో కొత్త పేరు చేరిన ఎపిసోడ్ బిగువుగా ఉంటుంది, మూడు నాలుగు వరసగా ఎవరూ చేరకపోతే నడక మందగిస్తుంది.

మూడో గడి నింపడానికే పరిశోధన కావాలి, అది గౌన్ల రంగుల కోసం చేసే పరిశోధన కాదు. ఉదాహరణకి మేరీ చెల్లెలు ఈడిత్ కథ. ఆమె పెళ్లి కాకుండానే కూతురు మేరీగోల్డ్‌ని కంటుంది. ఎస్టేటులో రైతు డ్రూ ఇంట్లో పెంచడానికి ఇస్తుంది, అతని భార్యకి అసలు సంగతి చెప్పరు. ఇంగ్లండ్, వేల్స్‌లో దత్తతకి చట్టం వచ్చింది 1926లో, అమలైంది 1927 జనవరి 1 నుంచి. ఈ కథ జరిగేది అంతకు ముందు. కాబట్టి కొన్నాళ్లకి ఈడిత్ వచ్చి బిడ్డని తీసుకెళ్లిపోతే, కన్నతల్లిలా చూసుకున్న డ్రూ భార్యకి అడ్డుచెప్పడానికి చేతిలో కాగితం ముక్క కూడా లేదు. చివరికి ఆ కుటుంబం పొలమే వదిలిపోతుంది. ఈడిత్‌కి అన్యాయం జరిగింది, ఆమె చేతిలో మరో తల్లికీ జరిగింది, రెండూ నిజమే. ఆ చట్టం ఐదేళ్లు ముందొచ్చి ఉంటే ఈ కథని ఇలా రాయడం కుదిరేది కాదు.

మేరీ సంగతి తేలిగ్గా చెప్పేయొచ్చు, ఆమె ఖరీదు మొదటి ఎపిసోడ్‌లోనే తేలిపోతుంది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగి ఎస్టేటు వారసులు పోతారు. వాళ్లలో ప్యాట్రిక్‌ని మేరీ పెళ్లాడాలని ఇంట్లో అనుకున్నారు, బయట ప్రకటించలేదు. ఆమె అడిగేది, అయితే తను పూర్తి సంతాపం పాటించాలా అని. రాయిలాంటి మనిషి అనుకుంటాం. కానీ ఆస్తి మగ వారసుడికే వెళుతుంది, తన పెళ్లి ఆ ఆస్తికి వేసిన ముడి, దాంట్లో ఆమెని అడిగినవాళ్లు లేరు. ఎపిసోడ్ నడిచేకొద్దీ ఆ రాయి ఎందుకు గడ్డకట్టిందో తెలుస్తుంది. తెలిశాక కూడా ఆమె మెత్తబడదు, అదే ఆ పాత్రకి బలం.

అక్కచెల్లెళ్ల పగలో దెబ్బకి దెబ్బ పడుతూనే ఉంటుంది. ఇంటికి అతిథిగా వచ్చిన టర్కీ దౌత్యవేత్త పాముక్ మేరీ పడకలో చనిపోయిన సంగతి ఈడిత్ టర్కీ రాయబార కార్యాలయానికి ఉత్తరం రాసి బయటపెడుతుంది. మేరీ దానికి బదులుగా ఈడిత్‌ని పెళ్లాడబోయిన స్ట్రాలన్ మనసు విరిచేస్తుంది. పదేళ్లు గడిచాక, 1925లో, ఈడిత్‌ని పెళ్లాడబోతున్న బర్టీ పెల్హమ్ ఎదుట మేరీగోల్డ్ సంగతి బయటపెట్టేదీ మేరీయే. మళ్లీ ఆ ఇద్దర్నీ కలిపేదీ ఆమే.

పిలుపులూ జాగ్రత్తగా చూడండి. ఆ ఇంట్లో ఫుట్‌మన్‌ని మొదటి పేరుతో పిలుస్తారు: థామస్. లేడీస్ మెయిడ్‌ని దొరసానులు ఇంటిపేరుతో ఓబ్రయన్ అంటారు, తోటి నౌకర్లు మిస్ ఓబ్రయన్ అనాలి. థామస్ అండర్ బట్లర్ అయ్యాక కిందివాళ్లకి మిస్టర్ బారో. ఒక్క డైలాగు ఖర్చు లేకుండా పదోన్నతి వినిపించేసింది. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో ఒక పట్టీ రాసుకోండి. కోపంలోనో ఏకాంతంలోనో ఆ పట్టీ తప్పితే అదే ఒక సీన్. తెలుగులో రాసేవాళ్లకి నువ్వు, మీరు, ఏమండీ, ఒరేయ్ చేతిలోనే ఉన్నాయి, అయినా మన పీరియడ్ స్క్రిప్టుల్లో చాలావాటిలో అందరూ అందర్నీ ఒకేలా పిలుచుకుంటారు.

ఇలాంటి పాత్రలు చెడేది ఎక్కడ? ఉదాహరణలు ఈ సిరీస్‌లోనే దొరుకుతాయి. నాలుగో సీజన్ థామస్ చూడండి: కోరాకి కొత్త పనిమనిషిగా వచ్చిన బాక్స్‌టర్ పాత నేరం గుప్పిట్లో పెట్టుకుని ఆమెతో కబుర్లు మోయిస్తాడు, అది తనకి ఎందుకో తనకే తెలియదు. కుట్ర ఉంది, అవసరం లేదు. అవసరం లేని కుట్ర చేస్తే పాత్ర కీలుబొమ్మ. బేట్స్ మీద రెండోసారి హత్య అనుమానం వచ్చినప్పుడూ అదే గతి. మొదటిసారి జైలుకి పంపి వసూలు చేసిన ఖరీదునే రెండోసారి అడిగితే ఉత్కంఠ పోతుంది.

థామస్‌ని మళ్లీ నిలబెట్టింది ఐదో సీజన్. తన ‘జబ్బు’ నయం చేస్తామన్న ప్రకటన చూసి, రహస్యంగా సూదిమందు పొడుచుకుంటాడు. అది ఉత్త ఉప్పునీళ్లు, సూది శుభ్రంగా లేక ఒంట్లో చీము పట్టి పాలిపోతాడు. పాపం అని ఏ పాత్రా పెద్దగా ఏడవదు, డాక్టర్ చూసి సంగతి చెబుతాడంతే. బాల్యం తాలూకు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి ఉంటే ఇందులో పదోవంతు కూడా వచ్చేది కాదు. చిన్నప్పుడు తండ్రి కొట్టాడు కాబట్టి ఇలా అయ్యాడని చూపించడం క్షమాపణ పత్రం రాసివ్వడమే, ఆ తర్వాత ప్రేక్షకుడికి తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. ఆరో సీజన్‌లో అతను ఆత్మహత్యకి ప్రయత్నిస్తాడు. ఆ దేశంలో 1961 దాకా అదీ నేరమే. చావబోయినా ఖరీదు కట్టాల్సిందే.

ఇంకో తప్పు నేటి అభిప్రాయాల్ని ఆనాటి నోట్లో పెట్టడం. నచ్చిన పాత్రలన్నీ 1920లోనే మనలా మాట్లాడితే ఖరీదు గడి ఖాళీ అయిపోతుంది. కార్సన్ థామస్‌ని అసహ్యించుకుంటూనే చీటీ ఇద్దామనుకున్నాడు కదా, ఆ రెండూ పక్కపక్కన ఉండనివ్వండి.

గళ్లన్నీ చివరి ఎపిసోడ్‌లో కొట్టేయాలన్న ఆత్రం మాత్రం వద్దు. నాలుగో సీజన్ మొదట్లో ఓబ్రయన్ ఒక ఉత్తరం రాసిపెట్టి రాత్రికి రాత్రి కొలువు మారిపోతుంది, సబ్బు సంగతి కోరాకి చివరిదాకా తెలియదు.