లువార్ లోయలో సైకిల్ యాత్ర: అత్యవసర నిధిని ఖర్చు చేసి వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం 92 వేలు. ఇంటి రుణం వాయిదా, పిల్లల ఫీజులతో కలిపి నెల ఖర్చు 82 వేలు. ఏటా పన్ను పోను 1.2 లక్షల బోనస్ వస్తుంది. 3.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, కోటి రూపాయల టర్మ్ పాలసీ, కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా ఉన్నాయి. ఆదివారాలు నాతో కలిసి నార్సింగి సైకిల్ ట్రాక్ మీద తిరిగే ఐదుగురు మిత్రులు ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట 12 రోజుల సైకిల్ యాత్రకు బయలుదేరుతున్నారు. మనిషికి 4.6 లక్షలు అవుతుంది. డిపాజిట్‌లోంచి 1.6 లక్షలు తీసి, మిగతా 3 లక్షలకు వ్యక్తిగత రుణం తీసుకోవాలని అనుకుంటున్నాను. వీసా కోసం ఖాతాలో నిల్వ చూపించడానికి మా బావమరిది రెండు వారాలపాటు 4 లక్షలు సర్దుతానన్నాడు. ట్రావెల్ ఏజెన్సీకి 20 వేలు అడ్వాన్సు కట్టాను. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదండీ. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం, ఊరి పేరు మార్చి ఇదే ప్రశ్న నాకు తరచుగా రావడమే. అడిగేవారు దుబారా మనుషులు కూడా కారు. మీలాగే టర్మ్ పాలసీ తీసుకున్నవారు, వాయిదాలు తప్పకుండా కట్టేవారు, అంతో ఇంతో డిపాజిట్ చేసుకున్నవారు. అయితే ఆ డిపాజిట్ ఎందుకోసం ఉందో ఏనాడూ కాగితం మీద రాసుకోలేదు కనుక, మనసుకు నచ్చిన ప్రయాణం ఎదురైనప్పుడు అది ఊరికే పడి ఉన్న డబ్బులా కనిపిస్తుంది.

ముందు మీ రుణం సంగతి చూద్దాం. 3 లక్షలను 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 10,250 రూపాయలు, మొత్తం తిరిగి కట్టేది దాదాపు 3.69 లక్షలు. మీ నెల మిగులు 10 వేలు. అంటే ఇంట్లో ఎవరికీ జ్వరం రాకపోయినా, ఫ్రిజ్ చెడిపోకపోయినా, పెళ్లిళ్ల కానుకలు లేకపోయినా, మొదటి నెల నుంచే మీరు 250 రూపాయల లోటులో ఉంటారు. ఆ లోటును క్రెడిట్ కార్డుతో పూడుస్తారు, కార్డు బకాయిలో కనీస మొత్తమే కడుతూ పోతారు, ఏడాదికి 36 నుంచి 42 శాతం వడ్డీ మొదలవుతుంది. పన్నెండు రోజుల విహారానికి ముప్పై ఆరు నెలల వాయిదా ఒప్పుకోవడం నాకు ఏ లెక్కన చూసినా మింగుడు పడదు. ఇల్లు కొంటే వాయిదా తీరేనాటికి ఇల్లు మిగులుతుంది. యాత్రకు చేసిన అప్పు ఫొటోలు పాతబడ్డాక కూడా నడుస్తూనే ఉంటుంది.

అంతకంటే పెద్ద తప్పు డిపాజిట్‌ను కదిలించడం. నెలకు 82 వేల చొప్పున ఆరు నెలలకు 4.92 లక్షలు మీ అత్యవసర నిధిగా ఉండాలి. ఉన్నది 3.2 లక్షలు, అంటే ఇప్పటికే 1.72 లక్షలు తక్కువ. దానిలోంచి 1.6 లక్షలు తీస్తే మిగిలేది 1.6 లక్షలు. కొత్త వాయిదాతో మీ నెల అవసరం 92 వేలు దాటుతుంది కనుక ఆ మొత్తం రెండు నెలలకైనా సరిపోదు. గత ఏడాది నా దగ్గరకు వచ్చిన ఒకాయన వేసవిలో కుటుంబంతో విదేశాలు తిరిగివచ్చారు, వచ్చిన మూడో వారంలో ఉద్యోగం పోయింది. కొత్త ఉద్యోగం దొరకడానికి ఐదు నెలలు పట్టింది. దాచుకున్నది అప్పటికే యాత్రకు ఖర్చయిపోవడంతో, తెలిసినవారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి ఇంటి వాయిదాలు కట్టారు. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతమని ఆయనకు తెలియక కాదు, ఆ నెలలో మరో దారి లేకపోయింది. నలభై దాటినవారికి ఉద్యోగం పోతే మళ్లీ దొరకడానికి పట్టే సమయం పాతికేళ్లప్పటిలా ఉండదని మీకు నేను చెప్పనక్కరలేదు.

మీ మిత్రులు చూడబోయే షాంబోర్ కోట కథ కూడా స్థోమతకు మించిన ఖర్చు కథే. దాని కట్టడాన్ని 1519లో మొదలుపెట్టిన ఫ్రాన్స్ రాజు ఒకటవ ఫ్రాన్సిస్ 1525లో పావియా యుద్ధంలో పట్టుబడ్డాడు. మరుసటి ఏడాది తన ఇద్దరు కొడుకులను స్పెయిన్‌కు తాకట్టుగా పంపి తాను విడుదలయ్యాడు. వాళ్లను విడిపించడానికి 20 లక్షల బంగారు నాణేల పరిహారం ఒప్పుకోవలసి వచ్చింది, పిల్లలు ఇల్లు చేరేసరికి 1530 అయింది. ఆ మధ్యలోనే, 1526లో, ఆగిపోయిన కోట పని మళ్లీ మొదలైంది. ఇంతా చేసి 32 ఏళ్ల ఏలుబడిలో ఆయన అక్కడ గడిపిన రోజులన్నీ కలిపినా కొన్ని వారాలే. రాజు గనుక పన్నులు వేసుకుని గట్టెక్కాడు, జీతం మీద బతికే మీకు ఆ దారి లేదు.

బావమరిది డబ్బు విషయం వేరుగా చెప్పాలి. వీసా అధికారులు ఆఖరి రోజు నిల్వను మాత్రమే చూడరు, కనీసం మూడు నెలల ఖాతా వివరాలు చూస్తారు. 92 వేల జీతం వచ్చిపోయే ఖాతాలో ఉన్నట్టుండి 4 లక్షలు జమ కావడం ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది. తిరస్కరిస్తే 90 యూరోల రుసుము తిరిగి రాదు, ఆ తిరస్కరణ షెంగెన్ దేశాలన్నిటికీ (ఫ్రాన్స్‌తో సహా ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) ఉమ్మడిగా ఉన్న వీసా వ్యవస్థలో ఐదేళ్లపాటు నమోదై ఉంటుంది. మీది కాని డబ్బును మీదిగా చూపడం అబద్ధమన్న సంగతి సరేసరి. బంధుత్వం కూడా పాడవుతుంది, ఆ మాట మీ ఇంట్లోవారిని అడిగితే నాకంటే బాగా చెబుతారు.

బీమా దగ్గర కూడా మీకు ఒక భ్రమ ఉన్నట్టుంది. షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య రక్షణ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి, దాన్ని ఏజెన్సీవారే ఇప్పిస్తారు. కానీ అది యాత్ర ముగియగానే ముగుస్తుంది. సైకిల్ మీంచి పడి భుజం ఎముక విరిగితే అక్కడి ఆసుపత్రి ఖర్చు ఆ బీమా భరించవచ్చునేమో గానీ, ఇంటికి వచ్చాక చేయించుకునే ఫిజియోథెరపీ, జీతం లేని సెలవు మీ మీదే పడతాయి. పైగా కొన్ని పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి. రోజుకు 50, 60 కిలోమీటర్ల సైకిల్ యాత్ర, బ్యాటరీ సైకిల్ వాటి కిందికి వస్తాయో రావో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అద్దె సైకిల్ పోయినా, విరిగినా చెల్లించే బాధ్యత ఎవరిదో కూడా అడగండి. ఇక కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా మీ ఉద్యోగంతో పాటే పోతుంది, అంటే అత్యవసర నిధి ఎప్పుడు అవసరమవుతుందో సరిగ్గా అప్పుడే అదీ ఉండదు. ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమాగా ఉండే సొంత ఫ్లోటర్ పాలసీ తీసుకోండి, దానికి నెలకు 2 వేలు పక్కన పెడుతున్నాం అనుకుందాం. తీసుకున్న తొలి ఏళ్లలో పాత జబ్బులకు నిరీక్షణ కాలం (అది ముగిసేదాకా వాటికి బీమా వర్తించదు) ఉంటుంది కనుక దీన్ని వాయిదా వేయవద్దు.

యాత్ర మానుకోమని నేను అనడం లేదు. 4.6 లక్షల యాత్ర మానుకోమంటున్నాను. సుమారు 900 కిలోమీటర్ల లువార్ సైకిల్ దారిలో మీకు కావలసినవన్నీ ఓర్లియాన్స్, ఆంజే పట్టణాల మధ్య ఉన్న దాదాపు 300 కిలోమీటర్లలోనే దొరుకుతాయి. లియొనార్డో డావిన్చీ 1519లో కన్నుమూసిన ఆంబ్వాజ్, వియెన్ నది లువార్‌లో కలిసే కాండ్ సాన్ మార్తాన్, దాని పక్కనే నదిని ఆనుకుని ఉన్న మోన్సొరో, తెల్ల సున్నపురాయి ఇళ్ల సొమూర్ అన్నీ ఈ భాగంలోనివే. నది ఒడ్డు దారి చాలావరకు చదునుగా ఉంటుంది కనుక బ్యాటరీ సైకిల్ అక్కరలేదు. ఓర్లియాన్స్, బ్లువా, ఆంబ్వాజ్, టూర్, సొమూర్, ఆంజేలలో రైల్వే స్టేషన్లు ఉన్నాయి, ప్రాంతీయ రైళ్లలో సైకిల్ ఎక్కించుకోవచ్చు, కనుక సామాను మోసే వ్యాను కోసం ఏజెన్సీకి డబ్బు పోయనక్కరలేదు. నార్సింగిలో 23 కిలోమీటర్లు నీడ పట్టున తొక్కడం వేరు, వరుసగా తొమ్మిది రోజులు బ్యాగులతో తొక్కడం వేరు అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, ఆంజేలో మొదలుపెట్టి ఓర్లియాన్స్ వైపు తొక్కితే వీపున గాలి ఉంటుంది.

యూరోకు 105 రూపాయల చొప్పున నా లెక్క ఇది. విమాన టికెట్టు 75 వేలు, వీసా ఖర్చులు 12 వేలు, తొమ్మిది రోజుల మామూలు సైకిల్ అద్దె 19 వేలు, రోజుకు 90 యూరోల చొప్పున పదకొండు రోజుల బస, భోజనం 1.04 లక్షలు, రైళ్లు, కోటల టికెట్లు 26 వేలు, బీమా 4 వేలు. మొత్తం 2.4 లక్షలు. పది శాతం అదనంగా కలిపితే 2.64 లక్షలు. జులై, ఆగస్టు నెలలు వదిలి మే లేదా సెప్టెంబరు ఎంచుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

బీమాకు 2 వేలు పోగా మీ నెల మిగులు 8 వేలు. ఏడాదికి 96 వేలు, బోనస్ 1.2 లక్షలు కలిపి 2.16 లక్షలు. మొదటి ఏడాది ఇందులోంచి 1.72 లక్షలతో అత్యవసర నిధి పూర్తిచేయండి, మిగిలిన 44 వేలతో వేరే రికరింగ్ డిపాజిట్‌లో యాత్ర నిధి మొదలవుతుంది. రెండో ఏడాది 2.16 లక్షలూ దానికే వెళితే 2.6 లక్షలు చేతిలో ఉంటాయి, తక్కువ పడే 4 వేలను వడ్డీ చూసుకుంటుంది. రెండేళ్లు ఆగవలసి వస్తుంది, మీ మిత్రులు ఈసారి మీరు లేకుండా వెళతారు. అందుకు బాధగానే ఉంటుందని ఒప్పుకుంటాను.

చిట్టీ పాడి తెచ్చుకోవడం, బంగారం కుదువ పెట్టడం, భవిష్యనిధి నుంచి తీసుకోవడం గురించి మీరు అడగలేదు, అడిగినా కాదనే అంటాను. టూర్ ప్యాకేజీ మీద ఏజెన్సీ ముందుగానే వసూలు చేసే పన్ను (టీసీఎస్) ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అది కూడా ముందు మీ జేబులోంచే పోతుంది.

ఇక 20 వేల అడ్వాన్సు. ఏ తేదీలోగా రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో రేపే ఏజెన్సీకి ఈమెయిల్ రాసి అడగండి, ఫోన్‌లో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోవద్దు. మీ స్థానంలో వేరొకరిని పంపే వీలుందేమో కూడా అందులోనే అడగండి. రెండూ కుదరకపోతే ఆ 20 వేలు పోయినట్టే రాసుకుని, ఈ నెల జీతం పడిన రోజునే మొదటి 8 వేలు డిపాజిట్‌లో వేయండి.