సిల్ట్ ఫెన్స్ కట్టినా ఎర్రమట్టి రోడ్డెక్కుతోంది: సమాధానం

సిల్ట్ ఫెన్స్ అంటే వాననీటితో కొట్టుకొచ్చే మట్టిని ఆపడానికి కర్రలకు గుడ్డ కట్టి వేసే కంచె. మీ దగ్గర నీళ్లు ఆ గుడ్డ కిందినుంచి పోతున్నాయి. కంచె చిరగలేదు, పడలేదు, అయినా వాన పడ్డప్పుడల్లా ప్లాట్ల మట్టి రోడ్డు మీదికొస్తోందన్నారు కదా, దానికి కారణం ఎక్కువగా ఇదే. గుడ్డ అడుగు అంచు మీద రాళ్లు పెట్టామన్నారు. రాళ్లు ఆపవు. ఆ అంచును నేలలో పాతాల్సిందే.

1. కర్రలకు ఎగువ పక్కన 15 సెం.మీ. లోతు, అంతే వెడల్పు గాడి తీయండి. కర్రలు ఎప్పుడూ దిగువ పక్కనే.

2. గుడ్డ అంచును గాడిలోకి దించి, అడుగున ఎగువ వైపు మడిచి, మట్టి పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. అందరూ వదిలేసేది ఈ దిమ్మిస పనే. పారతో మట్టి లాగి కాలితో తొక్కి వదిలేస్తే మొదటి వానకే కింద ఎలుక బొరియంత దారి పడుతుంది, రెండో వానకి అది కాలువ. కొట్టాక గుడ్డ పట్టుకుని లాగి చూడండి, ఊడొస్తే మళ్లీ కొట్టాలి.

3. కంచె వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాలి. మేస్త్రి దగ్గరి ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపి మట్టం చూసే పైపు) చాలు. రెండు కొసల్నీ ఎగువకి వంచండి.

4. గ్రీన్ నెట్ అయితే తీసేయండి. అది మొక్కలకు నీడ కోసం, ఒండ్రు ఆపదు. నీళ్లను వదిలి మట్టిని పట్టే జియోటెక్స్‌టైల్ గుడ్డ వాడండి.

5. నీళ్లు ఒకేచోట ధారగా దిగే వాగులాంటి జాగాలో కంచె వద్దు, రాళ్లతో చిన్న అడ్డుకట్ట వేయండి.

ఒండ్రు కంచె ఎత్తులో మూడో వంతుకి చేరగానే ఆ ఒండ్రును తీయించేయండి.